తిరుగుతున్నట్టు కనిపించని నేరం

చంద్రుడి మీద జనానికి చిరకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. భూమి చుట్టూ తిరుగుతున్న మాట నిజమే గాని తన చుట్టూ తాను మాత్రం ఆయన తిరగడం లేదని, తిరిగేవాడే అయితే ఎప్పుడు చూసినా అదే మొహం ఎందుకు కనిపిస్తుందని, ఒక్కసారైనా వీపు కనపడాలి కదా అని వారి వాదన. ఇంత ముక్కుసూటి వాదనను ఖగోళ శాస్త్రజ్ఞులు లెక్కలు చూపి కొట్టిపారేయడం మాకు ఎన్నడూ రుచించలేదు. కంటికి కనిపించని పనిని కూడా పనిగా ఒప్పుకుంటూ పోతే లోకంలో సోమరి అన్నవాడే మిగలడు.

అయినా విచారణ లేకుండా తీర్పు చెప్పరాదు గనుక, మేము తలుపు గడియ వేసుకొని, గది నడుమ ఒక కుర్చీ వేసి, దాని మీది నుంచి చూపు మరల్చకుండా అడ్డంగా అడుగులు వేస్తూ ఒక ప్రదక్షిణ పూర్తి చేశాము. కుర్చీకి మా వీపు ఒక్క క్షణమైనా కనిపించలేదు. అయితే మొదట కుర్చీ వెనక కనిపించిన కిటికీ పోయి బీరువా వచ్చింది, బీరువా పోయి తలుపు వచ్చింది, తలుపు తరువాత గోడ గడియారం, చివరకు మళ్లీ ఆ కిటికీ. నాలుగు గోడలనూ వరసగా చూసి వచ్చినవాడు తన చుట్టూ తాను ఒకసారి తిరిగినట్టేనని, కొంత అయిష్టంగానే, ఒప్పుకోవలసి వచ్చింది. కుర్చీని అడిగితే మాత్రం మేము తిరగనే లేదంటుంది. భూమి మీద నిలబడి మనం చెబుతున్నది ఆ కుర్చీ సాక్ష్యమే.

చంద్రుడి అసలు తప్పు అతి కచ్చితత్వం. నక్షత్రాలను ఆనవాలుగా పెట్టుకొని చూస్తే, భూమిని ఒకసారి చుట్టి రావడానికి ఆయనకు 27.3 రోజులు పడుతుంది. తన చుట్టూ తాను తిరగడానికీ అంతే. ఈ రెండింటి మధ్య ఒక్క గంట తేడా ఉన్నా కాలక్రమంలో వీపు దానంతటదే బయటపడేది, ఆయన పరువూ దక్కేది. మధ్యరేఖ దగ్గర ఆయన భ్రమణ వేగం గంటకు సుమారు 17 కిలోమీటర్లు, అంటే తీరిగ్గా సైకిలు తొక్కేవాడి వేగం.

విచారణ సాగినకొద్దీ అనుమానం ఫిర్యాదుదారుల సొంత గ్రహం మీదికే మళ్లడం మమ్మల్ని ఇబ్బంది పెట్టింది. చంద్రుడు పూర్వం ఇంతకంటే చురుగ్గానే తిరిగేవాడట. భూమి తన ఆకర్షణతో ఆయన దేహాన్ని కొద్దిగా సాగదీసి, ఆయన తిరగబోయినప్పుడల్లా ఆ ఉబ్బును పట్టుకొని వెనక్కి లాగుతూ, భ్రమణమూ పరిభ్రమణమూ ఒకే కాలానికి కుదిరేదాకా విడిచిపెట్టలేదు. మెడ వంచి పట్టుకున్నవారే తల తిప్పడం లేదేమని నిలదీస్తున్నారన్నమాట.

నిందితుడు మరీ అమాయకుడని మేము అనడం లేదు. ఆయన కక్ష్య దీర్ఘవృత్తం కాబట్టి భూమికి దగ్గరైనప్పుడు వేగంగా, దూరమైనప్పుడు నిదానంగా నడుస్తాడు. భ్రమణ వేగం మాత్రం దాదాపు మారదు. అందువల్ల మొహం కాస్త అటూ ఇటూ, అక్షం ఒరిగి ఉండటం వల్ల కాస్త పైకీ కిందకీ ఊగుతుంది. ఈ పక్కచూపులన్నీ కలుపుకుంటే భూమి మీది నుంచి 59 శాతం ఉపరితలం చూడవచ్చు. మిగిలిన వైపు తొలి ఛాయాచిత్రాలను 1959 అక్టోబరులో సోవియట్ అంతరిక్ష నౌక లూనా 3 తీసింది. అక్కడ ఎప్పుడూ చీకటేనన్న ప్రచారం పచ్చి అబద్ధం; ఆ వైపునా రెండు వారాల పాటు ఎండ కాస్తుంది.

చంద్రుడు ఏటా సుమారు 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాడని, 1969 నుంచి చంద్రుడి నేల మీద పెడుతూ వచ్చిన అద్దాలపై లేజరు వేసి కొలిచారు. ఆయన లాగుడుకు భూమి భ్రమణమూ మెల్లగా మందగిస్తోంది. ఇదే ఇలాగే సాగితే ఏదో ఒకనాడు భూమి కూడా చంద్రుడికి ఒకే మొహం చూపిస్తూ నిలబడవలసి వస్తుంది. అయితే అంతకు చాలా ముందే సూర్యుడి ఆయుష్షు తీరిపోతుంది గనుక, మన మీద ఆయన పెట్టబోయే ఎదురు ఫిర్యాదు విచారణకు రాదని గట్టి నమ్మకంతో ఉన్నాము.