పీడీఎఫ్ సైజు తగ్గేది స్కాన్ దగ్గర, ఊరూపేరూ లేని వెబ్‌సైట్‌లో కాదు

అప్‌లోడ్ పేజీలో "200 కేబీ దాటకూడదు" అని ఎర్రక్షరాలు కనబడగానే మనవాళ్లు "కంప్రెస్ పీడీఎఫ్" అని వెతికి, ముందు ఏ సైటొస్తే అందులో ఆధార్, పాన్, సేల్ డీడ్ అన్నీ ఎక్కించేస్తారు. ఆ సర్వరు ఎవరిదో, ఫైలు అక్కడ ఎన్నాళ్లుంటుందో ఎవరికీ పట్టదు. పైగా చాలాసార్లు అక్కడిదాకా వెళ్లాల్సిన పనే ఉండదు.

లెక్క చూడండి. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, స్కాన్ తీస్తే 2480 × 3508, అంటే దాదాపు 87 లక్షల పిక్సెళ్లు. కలర్‌లో పిక్సెల్‌కి 3 బైట్లు కాబట్టి కుదించకముందు 26 ఎంబీ. గ్రేస్కేల్ (రంగుల్లేని బూడిద ఛాయలు) అయితే అందులో మూడో వంతు. బ్లాక్ అండ్ వైట్‌లో పిక్సెల్‌కి ఒక్క బిట్టే, 1.1 ఎంబీ, బ్లాక్ అండ్ వైట్ పేజీల కోసమున్న జీ4 పద్ధతిలో కుదిస్తే టైపు చేసిన పేజీ మామూలుగా 100 కేబీలోపే వస్తుంది. సీలు రంగు కనబడి తీరాలంటే కలర్‌లో 150 డీపీఐ పెట్టండి, పిక్సెళ్లు నాలుగో వంతుకు దిగుతాయి. ఫోన్‌తో తీసేవాళ్లు కాగితాన్ని దుప్పటి మీద పరచకండి మహాప్రభో! ఫొటోల్ని కుదించే జేపెగ్ పద్ధతి ఆ నేత పోగుల కోసం కూడా బైట్లు ఖర్చుపెడుతుంది. అంచులదాకా కత్తిరించి, నీడ పడకుండా తీయండి.

అలాగని 72 డీపీఐకి దిగితే తెలుగు బతకదు. 10 పాయింట్ల అక్షరానికి నిలువునా దక్కేది 10 పిక్సెళ్లే. ద, థ, ధ మధ్య తేడా ఒక చుక్క, ఒక చిన్న గీత. ముందు పోయేవి అవే. ఒత్తులు కింది వరుసకి అతుక్కుపోతాయి.

ఇంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. కొన్ని జిరాక్స్ వర్క్‌సెంటర్ మెషిన్లు స్కాన్‌లో 6ని 8గా మార్చేస్తున్నాయని డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ 2013లో బయటపెట్టాడు. మసక కాదు, శుభ్రంగా కనబడే తప్పంకె! స్కాన్ పేజీల్ని కుదించే జేబిగ్2 అనే పద్ధతి దాదాపు ఒకేలా ఉన్న గుర్తులన్నిటికీ ఒకే బొమ్మ వాడేయడమే కారణం. సర్వే నంబరులో అలా జరిగితే మీ పొలం ఎక్కడుందో మీరే వెతుక్కోవాలి.

వర్డ్‌లో టైపు చేసినదాన్ని ప్రింటు తీసి మళ్లీ స్కాన్ చేసేవాళ్లకి దండం. నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే ఫైలు చిన్నదవుతుంది, అక్షరాలు పదునుగా ఉంటాయి. ఫొటోలుంటే "కంప్రెస్ పిక్చర్స్"లో "అప్లై ఓన్లీ టు దిస్ పిక్చర్" టిక్కు తీసి, "డిలీట్ క్రాప్డ్ ఏరియాస్" టిక్కు పెట్టి, 150 పీపీఐ (అంగుళానికి 150 పిక్సెళ్లు) ఎంచుకోండి. లేకపోతే మీరు కత్తిరించానని అనుకున్న భాగం డాక్యుమెంట్‌లోనే ఉంటుంది, అందుకున్నవాళ్లు వెనక్కి లాగి చూసుకోవచ్చు.

స్కాన్ పీడీఎఫ్‌ని జిప్ చేసి లాభం లేదు, లోపలున్న జేపెగ్ అప్పటికే కుదించి ఉంటుంది. కుదించక తప్పకపోతే మీ కంప్యూటర్‌లోనే ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామ్ వాడండి: "ఈబుక్" సెట్టింగ్ అంటే 150 డీపీఐ, "స్క్రీన్" అంటే 72. ప్రతిసారీ ఒరిజినల్ నుంచే మొదలుపెట్టండి. కుదించినదాన్నే మళ్లీ కుదిస్తే అక్షరాల చుట్టూ మరకలు పేరుకుంటాయి.

ఈ-ఆధార్‌లాంటి డిజిటల్ సంతకమున్న పీడీఎఫ్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. ఫైలును తిరగరాయగానే ఆ సంతకం చెల్లదు. కుదించాల్సి వస్తే కాపీ మీద చేయండి, ఒరిజినల్‌ని వేరే ఫోల్డర్‌లో ముట్టుకోకుండా ఉంచండి.