కుంచెకు దండం, కెమెరాకు దండన

మళ్లీ అదే తంతు. నగ్నదేహాన్ని కుంచెతో గీసినా, రాతిలో చెక్కినా కళ అంటారు. కెమెరాతో తీస్తే మాత్రం పోస్టు మాయం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నిబంధనల్లో చిత్రలేఖనానికి, శిల్పానికి మినహాయింపు రాసే ఉంది. కళా ఛాయాచిత్రానికి ఆ గౌరవం లేదు. తొలగిస్తారన్న భయంతో గ్యాలరీలే తమ పోస్టుల్లో ఇలాంటి ఫొటోలకు మసక పూస్తున్నాయి.

ఈ రెండు నాల్కల నీతి ఎంతవరకూ పోతుందో చూడండి. 1850లలో ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ యూజెన్ ద్యూరియూ తీసిన నగ్న మోడళ్ల ఫొటోలు చూసి చిత్రకారుడు దెలక్రువా బొమ్మలు గీశాడు. మనిషి ఒకరే, భంగిమ ఒకటే. నేటి లెక్కలో బొమ్మ కళ, దానికి మూలమైన ఫొటో అశ్లీలం!

పిల్లల రక్షణ, అనుమతి లేని చిత్రాల బెడద నిజమైనవే, అక్కడ ఉపేక్ష కూడదు. కానీ అనుమతి ఉండేది మోడల్ సంతకం చేసిన కాగితంలో. పోస్టులను వడపోస్తూ చర్మం కనబడగానే ఉలిక్కిపడే యంత్రానికి ఆ కాగితంతో పనే లేదు.

అసలు నగ్న ఛాయాచిత్రం ఎలా తీస్తారో తెలిసే కత్తెర పట్టారా? ఎలాస్టిక్ గుర్తులు పోవాలంటే బిగుతు బట్టలు గంట ముందే వదలాలి. గది చల్లబడితే రోమాలు నిక్కబొడుస్తాయి, పక్కవాటు వెలుగులో ఒక్కో బొడిపే నీడ వేస్తుంది. దీపాన్ని కెమెరా పక్కన పెడితే ఒళ్లంతా చదునుగా కనిపిస్తుంది. వెలుగు చర్మాన్ని రాసుకుంటూ పోయేలా పక్కకు జరిపితేనే పక్కటెముకలు, వెన్ను గాడి తేలతాయి. వైడ్ లెన్సుతో దగ్గరికెళితే ముందున్న చెయ్యి కాలంత అవుతుంది. అందరూ తప్పించుకునే ఆ వక్రతనే బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ బిల్ బ్రాంట్ తన శైలిగా మలచుకున్నాడు. ఇంత లెక్కగా కట్టిన చిత్రం మీద మసక పులిమితే చూపు నేరుగా అక్కడికే పోతుంది. లేని అసభ్యతను పుట్టించేది ఆ మసకే.

1990లో అమెరికాలోని సిన్సినాటిలో ఫొటోగ్రాఫర్ మేపుల్‌థార్ప్ ప్రదర్శనలోని 175 చిత్రాల్లో 7 మీద అశ్లీలత కేసు నడిస్తే, కనీసం జ్యూరీ కూర్చుంది, సాక్షులను వింది, మ్యూజియాన్నీ డైరెక్టర్‌నూ నిర్దోషులని తేల్చింది. ఇప్పుడా పాటి విచారణ కూడా లేదు.

ఇక గ్యాలరీల సంగతి. గోడకు నిలువెత్తు ప్రింటు తగిలించి, ఫోనులో అదే చిత్రానికి మసక పూస్తున్నది మీరే కదా? ఈ రెండు నాల్కల నీతికి మీరూ వంత పాడుతున్నారు. ఇది అలవాటైతే రేపు ఫోనులో ఇమిడే చిత్రాలనే గోడకూ ఎంచుతారు. ఇంకొకరి పని మీద చెయ్యి వేసే హక్కు మీకెవరిచ్చారు? తొలగిస్తారని భయమైతే ప్రదర్శన తేదీ, చిరునామా పెట్టి ఊరుకోండి. చిత్రాన్ని మాత్రం ముట్టుకోకండి.