కునికే ప్రతి కోడికీ నట్టల మందేనా?

బెంగళూరులోని తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో, ముఖ్యంగా హొసకోటె, కృష్ణరాజపురం, యలహంక వైపు పెరట్లో నాలుగైదు నాటుకోళ్లో గిరిరాజ కోళ్లో పెంచుకునేవారి మధ్య, ఒక సందేశం తిరుగుతోంది. కోడి మేత మానేసి, కునుకుతూ, చిక్కిపోతే అది నట్టలేనని (పేగుల్లో పెరిగే పురుగులేనని), మనుషులకిచ్చే ఆల్బెండజోల్ మాత్ర సగం నలిపి నీళ్ల గిన్నెలో కలిపితే చాలునని, రెట్టలో పురుగు కనబడకపోతే కోడి కడుపు శుభ్రంగా ఉన్నట్టేనని, వారానికోసారి వెల్లుల్లి, బొప్పాయి గింజలు పెడితే ఇక మందే అక్కర్లేదని, మందు వేసిన కోడి గుడ్లను ఉడికించి తింటే ఏమీ కాదని అది చెబుతుంది. చదవడానికి తేలికగా, చేయడానికి చవకగా ఉంది కాబట్టి అందరూ పంచుకుంటున్నారు. కానీ ఇందులో ఏ ఒక్క మాటా ఉన్నదున్నట్టుగా పాటించదగినది కాదు.

మొదటి మాట అన్నిటికంటే ప్రమాదకరమైనది. నట్టల వల్ల కోడి చిక్కిపోతుందన్నది నిజమే. చిన్నపేగులో ఉండే ఆస్కరిడియా గల్లి అనే ఏలికపాము 12 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది, మరీ ఎక్కువైతే పేగుకే అడ్డం పడుతుంది. అయితే కునకడం, రెక్కలు వాల్చడం, మేత మానేయడం అనేవి కోడికి వచ్చే దాదాపు ప్రతి జబ్బులోనూ కనిపించే లక్షణాలు. కోడిపిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్తపారుడుకు కారణం నట్ట కాదు, ఐమీరియా అనే ఏకకణ జీవి. దానికి ఆంప్రోలియం వంటి వేరే మందులున్నాయి, నట్టల మందు దానికి చికిత్స కాదు. రెట్టలో నెత్తురు కనిపిస్తున్న కోడిపిల్లకు నట్టల మందు వేసి రెండు రోజులు చూద్దామనుకుంటే ఆ రెండు రోజుల్లోనే అది చనిపోవచ్చు. ఆకుపచ్చటి రెట్ట, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ మెలిక తిరగడం, కాళ్లూ రెక్కలూ చచ్చుబడడం కనిపిస్తే కొక్కెర తెగులును అనుమానించాలి. అది వైరస్ వ్యాధి. దానికి మందు లేదు, ముందే వేయించే టీకా తప్ప. తలమీది తురాయి పాలిపోవడానికి నట్టలే కాదు, రాత్రిపూట గూటి సందుల్లోంచి వచ్చి రక్తం పీల్చే ఎర్ర గోమార్లూ కారణం కావచ్చు. గుడ్డు అడ్డుపడిన పెట్ట కూడా ఇలాగే ముడుచుకుని కూర్చుంటుంది. ఒకేసారి చాలా కోళ్లు హఠాత్తుగా చనిపోతుంటే చేతులతో తాకకుండా పశుసంవర్ధక శాఖకు వెంటనే తెలియజేయాలి. అది ఇంటి వైద్యం చేసుకునే సందర్భం కాదు.

ఈ తేడా తేల్చుకోవడం బెంగళూరులో ఉన్నవారికి అసాధ్యమేమీ కాదు. కొన్ని చోట్ల నుంచి అప్పుడే వేసిన రెట్టను కొద్దికొద్దిగా తీసి, శుభ్రమైన డబ్బాలో పెట్టి, ఆ రోజే దగ్గరలోని పశువైద్యశాలకో హెబ్బాళలోని పశువైద్య కళాశాలకో తీసుకెళ్తే, సూక్ష్మదర్శిని కింద నట్టల గుడ్లున్నాయో ఐమీరియా ఉందో చూస్తారు.

రెట్టలో పురుగు కనబడలేదు కాబట్టి నట్టలు లేవనే మాట కూడా ఇక్కడే వీగిపోతుంది. పెద్ద ఏలికపాములు సాధారణంగా పేగులోనే ఉండి గుడ్లను బయటికి వదులుతాయి, ఆ గుడ్లు కంటికి కనబడవు. ఏలికపాము కోడి కడుపులో చేరి గుడ్లు పెట్టే దశకు రావడానికి 5 నుంచి 8 వారాలు పడుతుంది కాబట్టి, ఆ లోపల చేసిన రెట్ట పరీక్ష కూడా ఏమీ చూపకపోవచ్చు.

ఇక సగం మాత్ర సంగతి. కోళ్లకు ఆల్బెండజోల్ మోతాదు నట్ట రకాన్ని బట్టి కిలో బరువుకు సుమారు 5 నుంచి 20 మిల్లీగ్రాములు. మనుషుల మాత్రలో 400 మిల్లీగ్రాములుంటాయి. ఒకటిన్నర కిలోల పెట్టకు గరిష్ఠ మోతాదు లెక్కేసినా 30 మిల్లీగ్రాములే అవుతుంది. సగం మాత్ర మొత్తం దాని కడుపులోకి వెళ్తే అది ఆరు రెట్లకు పైగా ఎక్కువ. పైగా ఈ మందు నీటిలో కరగదు, గిన్నె అడుగున పేరుకుపోతుంది. ఏ కోడికి ఎంత అందిందో ఎవరూ చెప్పలేరు. జబ్బు కోడి అసలు నీళ్లే సరిగా తాగదు కాబట్టి, మందు అవసరమున్న పెట్టకు అందక, ఆరోగ్యంగా ఉన్నవాటికి ఎక్కువగా అందుతుంది. జబ్బు కోడిని విడిగా తూకం వేసి, వైద్యుడు చెప్పిన మోతాదును నోట్లో వేయడమే సరైన పద్ధతి. ఏ మందు అన్నది కూడా నట్టను బట్టే ఉంటుంది: పైపరజిన్ ఏలికపాముల మీద పనిచేస్తుంది గాని, చీమల ద్వారానూ పెంకుపురుగుల ద్వారానూ వచ్చే బద్దెపురుగుల మీద పనిచేయదు.

ఒక్కసారి వేస్తే చాలదు కూడా. పేగు పొరలో దాగి ఉన్న పిల్ల నట్టలు మొదటి మోతాదుకు చిక్కకపోవచ్చు, అందుకే సాధారణంగా రెండు, మూడు వారాలకు మళ్లీ వేయమంటారు. అంతకంటే ముఖ్యం నేల. రెట్టతో బయటపడిన గుడ్లు వెచ్చదనం, తేమ ఉంటే రెండు, మూడు వారాల్లోపే అంటుకునే దశకు వస్తాయి, తడి మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. వానాకాలంలో మన పెరళ్లు సరిగ్గా అలాంటివే. తడిసిన పొట్టును తీసేసి గూడు అడుగును పొడిగా ఉంచడం, మేత గిన్నెను నేల మీంచి ఎత్తి పెట్టడం, మూడు నెలల లోపు పిల్లలను పెద్ద కోళ్ల నుంచి వేరుగా పెంచడం లేకుండా మందు మాత్రమే వేస్తే, ఆ నట్టలే తిరిగి కడుపులో చేరతాయి.

వెల్లుల్లీ బొప్పాయి గింజలూ మేతలో కొద్దిగా పడితే నష్టం లేదు. నట్టలు పట్టి నీరసించిన కోడికి అవే చికిత్స అనుకుంటే మాత్రం నష్టం ఉంది.

గుడ్ల విషయంలో సందేశం చెప్పింది పూర్తిగా తప్పు. పెట్ట కడుపులో పచ్చసొన ఒక్కరోజులో తయారవదు, గుడ్డు పెట్టడానికి ముందు ఎనిమిది, పది రోజులుగా పెరుగుతూ వస్తుంది. ఆ రోజుల్లో ఒంట్లో ఉన్న మందు సొనలో చేరుతుంది కాబట్టే మందు ఆపిన తర్వాత కూడా కొన్నాళ్లపాటు గుడ్లలో అవశేషం ఉండవచ్చు. ఉడికించినంత మాత్రాన అది పోతుందనుకోవడానికి వీల్లేదు. ఎన్ని రోజులు గుడ్లు మానాలన్నది మందును, మోతాదును బట్టి మారుతుంది కనుక మందు రాయించుకునేటప్పుడే వైద్యుడిని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. ఆ రోజుల గుడ్లను ఇంట్లో తినకపోవడమే కాదు, పొరుగువారికి ఇవ్వడమూ మానుకోవాలి.