పంటి బిల్లు మీద ఆ ఫార్వర్డ్

డల్లాస్ తెలుగు గ్రూపుల్లో మళ్లీ అదే తిరుగుతోంది: "పిల్లల డాక్టర్లు పళ్లకు ఫ్లోరైడ్ వార్నిష్ పూసి డబ్బు గుంజుతున్నారు, వద్దనండి. మీ డెంటల్ కోటా కూడా పోతుంది. ఫ్లోరైడ్‌ని ఎఫ్‌డీఏ ఆపేసింది. పాలపళ్లు ఎలాగూ ఊడేవే. ఫిల్లింగ్ పడితే సీలెంట్ కోడ్ వేయమనండి, ఫ్రీ." నేను బిల్లింగ్‌లో పనిచేస్తానని తెలిసినవాళ్లే నాకు పంపుతున్నారు.

గుంజడమా? ఐదేళ్లలోపు పిల్లలకు పళ్లు పుచ్చకుండా ఈ వార్నిష్ వేయమని, ముందుజాగ్రత్త వైద్యాల్లో ఏది పనికొస్తుందో తేల్చే అమెరికా నిపుణుల బృందం ప్రివెంటివ్ టాస్క్‌ఫోర్స్ 2014లో గ్రేడ్ బి ఇచ్చింది, 2021లో మళ్లీ అదే చెప్పింది. ఏ, బి గ్రేడ్లు వచ్చినవాటికి ఇన్సూరెన్సే పూర్తిగా కట్టాలని చట్టం. అందుకే ఆ చట్టానికి ముందునుంచీ ఉన్న గ్రాండ్‌ఫాదర్డ్ ప్లాన్లు తప్ప మిగతావి ఇన్-నెట్‌వర్క్‌లో, అంటే ప్లాన్‌తో ఒప్పందం ఉన్న డాక్టర్ దగ్గర, కోపే (మన జేబు వాటా) లేకుండా కట్టాలి.

కోటా సంగతి: వార్నిష్‌కి పిల్లల డాక్టర్ వేసే బిల్లింగ్ కోడ్ 99188 మెడికల్ ఇన్సూరెన్స్‌కి వెళ్తుంది, డెంటిస్ట్ వేసే డి1206 డెంటల్‌కి. కాబట్టి డాక్టర్ పూస్తే డెంటల్ కోటా తగ్గదు. మందుల మీద అదుపు ఉన్న ఎఫ్‌డీఏ 2025లో పట్టుకున్నది మింగే ఫ్లోరైడ్ చుక్కలు, బిళ్లల్ని, పూసేదాన్ని కాదు. వెనక పాలపళ్లు ఊడేది పదీ పన్నెండేళ్లకు. అప్పటిదాకా నొప్పి ఎవరు పడతారట?

ఇక ఆ చివరి సలహా. డి2391 ఫిల్లింగ్‌ని, పన్ను పుచ్చకముందే గుంటలు మూసే డి1351 సీలెంట్‌గా రాయమనడం ఇన్సూరెన్స్ మోసం, చిట్కా కాదు. పైగా పనికిరాని మోసం. క్లెయిమ్‌లో ఏ పన్నో రాయాలి: పాలపళ్లకు ఏ నుంచి టీ దాకా అక్షరాలు, శాశ్వత పళ్లకు 1 నుంచి 32. మీవాడికి పుచ్చింది 'కె', అంటే వెనక పాలపన్ను, అనుకోండి. చాలా ప్లాన్లు సీలెంట్‌కి కట్టేది శాశ్వత దవడ పళ్లకే, కాబట్టి అది తిరిగొస్తుంది. పోనీ శాశ్వత దవడ పన్ను, 19వ నంబరే అనుకుందాం. రేపు ఆ ఫిల్లింగ్ ఊడితే ఎక్స్‌రేలో ఒకటి, కాగితాల్లో ఇంకొకటి. లైసెన్స్ మీదికొచ్చేది డెంటిస్ట్‌కి, ఉద్యోగం మీదికొచ్చేది నాలాంటివాళ్లకి. మెసేజ్ రాసిన మహానుభావుడు వచ్చి క్లెయిమ్ మీద సంతకం పెడతాడేమో కనుక్కోండి.

అయితే బిల్లు చూసి జనానికి వచ్చే కోపం మాత్రం న్యాయమే. వెల్ విజిట్‌కి (జబ్బు లేకున్నా చేయించే మామూలు చెకప్) వెళ్లి, పనిలో పనిగా చెవినొప్పి చూపిస్తే, జబ్బు చూసినందుకు వేసే 99213 కోడ్, అదే రోజు వేరే పని చేశామని చెప్పే 25 మోడిఫయర్‌తో (కోడ్ పక్కన వేసే గుర్తు) విడిగా పడొచ్చు. దానికి కోపే ఉంటుంది. ఆ ముక్క ముందే చెప్పే ఫ్రంట్ డెస్కులు తక్కువ. మా డెస్కుతో కలిపే అంటున్నాను. అలాంటప్పుడు ఏ పనికి ఎంతో విడివిడిగా చూపే ఐటమైజ్డ్ బిల్లు అడగండి. చార్జ్ 99213 పక్కన ఉంటే అది చెవిది. 99188 పక్కన ఉంటే మాత్రం ప్రివెంటివ్ అని తెలిపే 33 మోడిఫయర్ వేశారా అని అడిగి, క్లెయిమ్ మళ్లీ పంపమనండి.