ఓ, యు, జి, హెచ్

మా వాడు మూడో తరగతి. చదివేది మహబూబ్‌నగర్‌లో ఒక ఇంగ్లీష్ మీడియం బడి. పేరెందుకులెండి, గేటు మీద భూగోళం, బస్సు మీద పావురం బొమ్మ ఉంటే ఏ బడైనా అదే. మొన్న డైరీలో హోంవర్క్ రాసి పంపారు: ఓ, యు, జి, హెచ్ అనే నాలుగక్షరాలు వచ్చే పది మాటలు, అర్థాలతో సహా, ఒక్కోటి ఐదుసార్లు. ఎనిమిదేళ్ల పిల్లాడి వికాసానికి ఇంతకు మించిన మందు లేదని ఒప్పుకుని నేనూ పక్కన కూర్చున్నాను.

ఆ నాలుగక్షరాల మహిమ మీకు తెలియంది కాదు. ముందు టి పెడితే టఫ్. సి పెడితే కాఫ్. డి పెడితే డో. బి పెడితే బౌ. టి, హెచ్ పెడితే దో, మధ్యలో ఒక ఆర్ దూరిస్తే త్రూ, ఆర్ తీసేసి చివర టి తగిలిస్తే థాట్. మన దగ్గర 'క'కు దీర్ఘమిస్తే పొద్దునా కా అంటుంది, సాయంత్రమూ కా అంటుంది. అందుకే కాబోలు దానికి గౌరవం లేదు. అయినా మనం నవ్వకూడదు. పాలమూరు అని పిలుచుకుంటూ బోర్డు మీద మహబూబ్‌నగర్ అని రాసుకున్న జనం మనం.

నిజానికి ఇంగ్లీషువాళ్లు ఒకప్పుడు ఆ జి, హెచ్‌లను పలికేవాళ్లే, ఉర్దూలో ఖబర్ అన్నప్పుడు గొంతు గీరినట్టు. 1476లో కాక్స్‌టన్ అనే ఆయన వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అక్కణ్ణుంచి రాత మెల్లగా గడ్డకట్టింది, నోళ్లు మాత్రం ఆగలేదు. గీరడం మానేసి ఒక మాటలో ఫ్ అన్నాయి, ఇంకో మాటలో మింగేశాయి. వాళ్లు మింగిన అక్షరాలు ఇప్పుడు మా వాడి గొంతులో అడ్డం పడుతున్నాయి. అమెరికావాళ్లు నయం, ప్లౌ లోంచి మూడక్షరాలు పీకేసి ఒక డబ్ల్యు పెట్టుకుని పొలం దున్నుకుంటున్నారు. ఇక్కడ అలా రాస్తే మార్కు పోతుంది.

ఆ రాత్రి మా అమ్మ జొన్నపిండిలో వేడినీళ్లు పోసి పిసుకుతోంది. మా వాడు ఎదురుగా కూర్చుని చదువుతున్నాడు.

"అవ్వా, డో అంటే తెల్సా?"

"దో అంటే రెండు. గదిగూడ తెల్వదా నాకు?"

"దో కాదు, డో. పిండీ నీళ్లూ కలిపిన ముద్ద."

అమ్మ చేతిలో ముద్ద చూపించింది. "మరి ఇదేందిరా?"

"అది రొట్టెపిండి."

"నీ డో ఏడుంది?"

"బుక్కుల ఉంది."

పది నిమిషాలకు అసలు దో రానే వచ్చింది. "ఇదన్న రెండేనా?" అంది అమ్మ ఆశగా. కాదమ్మా, అయినప్పటికీ అని అర్థం అన్నాను. "ఏం అయినప్పటికి?" ఏమీ కాలేదమ్మా, ఉత్త అయినప్పటికీ. ఆమె నన్నూ, వాణ్ణీ, పెనాన్నీ మార్చి మార్చి చూసి రొట్టె తిప్పేసింది.

ట్రాఫ్ అంటే పశువుల తొట్టి. అదెట్లుంటదని అడిగాడు. ఊళ్లో మా ఇంటి ముందున్న కుడితి గోలెం మీదెక్కి బ్యాటు పట్టుకుని ఫొటో దిగినవాడే అడిగాడు! బౌ అంటే పెద్ద కొమ్మ. 2018లో చెదలు పట్టిన పిల్లలమర్రికి సెలైన్ సీసాలు కట్టి మందెక్కించిన ఊరు మాది. బడి నుంచి ఆ చెట్టు దగ్గరికి ఆటోలో పోవచ్చు. కానీ చెట్టు చూస్తే స్పెల్లింగు రాదు కదా.

పదో మాట డ్రౌట్. దీనికి మాత్రం వాడు ఎవర్నీ అడగలేదు. అవ్వ నోట ఎన్నిసార్లు విన్నాడో, 'కరువు' అని తెలుగులో రాసుకుపోయాడు. మర్నాడు దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత. అర్థం ఇంగ్లీషులోనే రాయాలట. వానలు సరిగా పడని కాలం అని ఇంగ్లీషులో ఒక వాక్యం ఇచ్చి, పదిసార్లు రాయించి పంపారు.

వానలు పడని కాలమట! కృష్ణానది రాష్ట్రంలో అడుగుపెట్టేదే మా ఉమ్మడి జిల్లాలో. ఆ నదిని పక్కన పెట్టుకుని మా నాయన గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఎవరి ఆనకట్టకో మట్టి మోయడానికి పోయాడు. చిన్నాయన బొంబాయి బస్సెక్కాడు. మా వాడి వయసులో నేను సగం ఇళ్లకు తాళాలు పడిన వాడలో, కళ్లు కనపడని ముసలమ్మ దగ్గర, మా అమ్మ ఎప్పుడొస్తుందో తెలియకుండా పెరిగాను. ఆ మాటకు అర్థం మాకు చెప్పడానికి మీరెవరయ్యా? పది మాటల్లో వాడు గైడు చూడకుండా, సొంతంగా, ఒక్క తప్పు లేకుండా రాసింది అదొక్కటే. దాన్నే కొట్టేస్తారా? సిగ్గుండాలి. ఫీజు బాకీ అడిగేటప్పుడు మాత్రం ఎంత చక్కటి తెలుగు వస్తుందో మీకు!

సరే, నాకు అసలే బీపీ. నిన్న కొత్త హోంవర్క్ వచ్చింది. మొదట కె, ఎన్ ఉండి, కె నోరెత్తని మాటలు పది.

"అవ్వా, నీ అంటే మోకాలు."

"నీ మోకాలు గాదురా, నావే గుంజుతున్నయ్. జెర ఆ నూనె సీసా అందియ్."