చెవికి పే స్కేలు లేదు

మానసిక వైద్యుల సంపాదన పెరుగుతోందా అని అడిగేవారికి ఒడిశా సరిహద్దు ఊళ్లు బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువాళ్ల తరఫున జవాబు సిద్ధం: పెరుగుతోంది, అమెరికాలో. అక్కడి కార్మిక శాఖ లెక్కల్లో 2018లో సైకియాట్రిస్టు సగటు వార్షిక వేతనం 2,20,000 డాలర్ల పైచిలుకు. 2023కి అది 2,56,000 దాటింది. ఇంత చల్లని కబురు విన్నాక కూడా మన రోగికి నిద్ర పట్టడం లేదంటే జబ్బు ముదిరినట్టే.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వ స్పెషలిస్టు వేతన స్కేలులో లెవెల్ 11లో చేరతాడు. నెలకు మూలవేతనం 67,700 రూపాయలు. సొంత ప్రాక్టీసు మానుకున్నందుకు దానిమీద 20 శాతం, అంటే 13,540. మోకాలి డాక్టరుకూ మనసు డాక్టరుకూ ఒకటే అంకె. ప్రైవేటులో అడుగుపెట్టగానే ఈ సమానత్వం చెప్పులతోపాటు గుమ్మం బయటే ఉండిపోతుంది. మోకాలికి ఎక్స్‌రే ఉంది, ఆపరేషను ఉంది. గుండెకు ఈసీజీ, ఎకో, స్టెంటు. మనసుకేముంది? రెండు కుర్చీలు, వేసుకోవడానికి తలుపు. మనసు ఊగిసలాటకు ఇచ్చే లిథియం మందు వాడేవారికి ఒక రక్తపరీక్ష ఉందిగానీ, దానికి రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలి. మనవాళ్లు బస్సెక్కే ముందు భక్తిగా పొద్దుటి మాత్ర కూడా మింగి వస్తారు. అంకె ఎక్కువ చూపిస్తుంది, డాక్టరు మోతాదు తగ్గిస్తాడు, రోగం తిరగబెడుతుంది.

ఫీజు పెంచకుండా జీతం పెంచుకునే మార్గం మాత్రం ఉంది. లెక్క కోసం ఫీజు 500, సాయంత్రం కూర్చునేది నాలుగు గంటలు అనుకుందాం. కొత్త రోగికి పుస్తకం చెప్పినట్టు 45 నిమిషాలు ఇస్తే అయిదుగురు, 2,500 రూపాయలు. ఆరేసి నిమిషాలిస్తే నలభై మంది, 20,000. ఎనిమిది రెట్లు! ఏ వేతన సంఘమూ ఒక్క సాయంత్రంలో ఇంత ఇవ్వలేదు. కోత పడింది వినడం ఒక్కదానికే. చీటీ రాయడానికి ఎలాగూ ఒకటిన్నర నిమిషం చాలు.

పదిహేను రోజుల్లోపు మళ్లీ చూపిస్తే ఫీజు లేదనే ఆచారం ఒకటుంది. దిగులుకిచ్చే మాత్ర పట్టు దొరకడానికి రెండు నుంచి నాలుగు వారాలు కావాలి. నోరెండటం, కడుపులో వికారం లాంటివి మొదటి వారంలోనే వచ్చేస్తాయి. కాబట్టి రోగి 14వ రోజున ఠంచనుగా వచ్చి, మందు పనిచేయలేదని ఉచితంగా తేల్చి చెప్పి, 16వ రోజు నుంచి మానేస్తాడు.

ఇదంతా ఎక్కడైనా ఉన్నదే. సరిహద్దు ప్రత్యేకత వేరు. కత్తి పట్టే డాక్టరుకు రోగి భాష రాకపోయినా కోత తప్పదు. మనసు డాక్టరుకు పనిముట్టే భాష. ఇక్కడ రోగి కార్డు ఒడిశాది, మాట శ్రీకాకుళానిది, చీటీ ఇంగ్లీషుది. కోడలు చెబుతుంది: "గుండె దడ, తెల్లారగట్ల మూడింటికే మెలకువొచ్చేస్తంది, పొయ్యి కాడ నిలబడితే ఏడుపొచ్చేస్తంది, బతకాలని లేదు." పక్కనున్న అత్తగారు దాన్ని ఒడియాలోకి మారుస్తారు, రెండే మాటల్లో: నిద్ర పట్టదట. డాక్టరు నిద్రమాత్ర రాస్తాడు. తెల్లవారుజామున మెలకువ, చావు తలపు, అసలు పట్టుకోవలసిన రెండూ అత్తగారి నోట్లోనే ఆగిపోయాయి. ఒక్కోసారి అసలు కారణం కూడా అనువాదకురాలే.

ఒడిశా ప్రభుత్వం ఆసుపత్రులను వి-0 నుంచి వి-4 దాకా విడదీసి, మారుమూలకు పోయేకొద్దీ డాక్టరుకు ప్రోత్సాహకం పెంచింది. దూరానికి వెల కట్టారు. భాషకు కట్టలేదు. 2017 నాటి చట్టం ఒళ్లు జబ్బుతో సమానంగా మనసు జబ్బుకూ బీమా ఇమ్మంది. బీమా సంగతి తెలిసిందే కదా, చాలా పాలసీలు ఆసుపత్రి మంచమెక్కితేనే పలుకుతాయి. కుర్చీలో కూర్చుని చెప్పుకున్న గోడుకు బిల్లుండదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే పైసా ఖర్చు లేదు, భాష కూడా ఎంచుకోవచ్చు. అంత చవకగా బాగవుతామంటే నమ్మేదెవరు?

ఈ రంగంలో నిలకడగా ఆదాయం పెరుగుతున్నవాడు గుణియా, అంటే ఊరి మంత్రగాడు. ఇంటికే వస్తాడు. రోగి భాషలోనే మాట్లాడతాడు. మూడు తరాల చరిత్ర అడుగుతాడు, రాత్రంతా వింటాడు. ఎండీ మూడేళ్లలో నేర్పేది అచ్చంగా ఇదే. ఫీజు ఒక నల్లకోడి, కొబ్బరికాయ, నిమ్మకాయలు. కోడి ధర పెరిగితే ఆయన డీఏ దానంతటదే పెరుగుతుంది. రోగికి తగ్గకపోతే తప్పు గ్రహానిది.

కనుక రాబోయే వేతన సంఘానికి మా మనవి: విన్న ప్రతి నిమిషానికీ ఒక రేటు, కోడితో ముడిపెట్టిన కరువు భత్యం, రెండో భాష నేర్చిన డాక్టరుకు ఒక ఇంక్రిమెంటు. అనువాదం చేసిన అత్తగారికి మాటకింత చొప్పున ఇస్తే కోడలి గోడు పూర్తిగా డాక్టరుకు చేరుతుందని ఆశ. ఆవిడకిచ్చే రసీదు ఏ భాషలో ఉండాలన్నది ఇంకా తేలలేదు.