ఇరవయ్యో జన్యువు

ఒక బయోడేటా చూద్దాం. 1983లో సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో డిగ్రీ. 1991లో ప్రిన్స్‌టన్‌లో పీహెచ్‌డీ. ఆ తర్వాత ఒక చిన్న బయోటెక్ కంపెనీలో ఉద్యోగం. ఆ కంపెనీ పేరు మారింది, చేతులు మారింది, చివరికి ఆ ల్యాబే మూతపడింది. ప్రస్తుతం ఒక పరిశోధన సంస్థలో సీనియర్ ప్రోగ్రాం మేనేజర్. ప్రొఫెసర్ హోదా లేదు, తన పేరు మీద నడిచే ల్యాబ్ లేదు. మన విశ్వవిద్యాలయాల్లో ఏ సెలక్షన్ కమిటీ ముందుకైనా ఈ కాగితాలు వస్తే అర నిమిషంలో పక్కకు వెళ్లిపోతాయి.

ఆ బయోడేటా మేరీ బ్రంకోది. 2025 అక్టోబర్ 6న వైద్యశాస్త్ర నోబెల్ ప్రకటించినప్పుడు ఫ్రెడ్ రామ్స్‌డెల్, జపాన్‌కు చెందిన షిమోన్ సకగుచిలతో పాటు ఆమె పేరూ చదివారు. అప్పటికి సియాటిల్‌లో తెల్లవారలేదు. స్వీడన్ నంబర్ నుంచి వచ్చిన ఫోన్‌ను ఎవరో స్పామ్ గాళ్లనుకుని ఆమె ఎత్తలేదు. ఒక ఫొటోగ్రాఫర్ వచ్చి తలుపు తట్టి, కుక్క మొరిగాక గానీ ఇంట్లో వాళ్లకు సంగతి తెలియలేదు. వైద్యశాస్త్రంలో ఈ బహుమతి అందుకున్న మహిళల్లో ఆమె 14వ వారు. నూట ఇరవై ఏళ్లు దాటిన బహుమతికి అది గొప్ప లెక్కేమీ కాదు. రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీద తిరగబడకుండా ఆపే ఏర్పాటును కనుగొన్నందుకు ఈ ముగ్గురికీ ఆ గుర్తింపు. అయితే ఈరోజు మేము చెప్పదలచుకున్నది వేరే సంగతి: ఇలా కంపెనీల్లో పనిచేసే శాస్త్రవేత్తలను మనం ఎలా చూస్తున్నామన్నది.

ఈ కథ నిజానికి ఎలుకలతో మొదలైంది. 1940లలో అమెరికాలోని టెనెసీ రాష్ట్రం, ఓక్‌రిడ్జ్‌లో అణుబాంబు ప్రాజెక్టుకు అనుబంధంగా రేడియేషన్ ప్రభావాలపై ప్రయోగాలు జరిగేవి. అక్కడి ఎలుకల్లో ఒక వింత కనిపించింది. కొన్ని మగపిల్లలు చర్మం పొలుసులు పొలుసులుగా రాలుతూ, లింఫు గ్రంథులూ ప్లీహమూ ఉబ్బిపోయి మూడు వారాలకే చనిపోయేవి. వాటికి స్కర్ఫీ అని పేరు పెట్టారు. లోపం ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉందని గుర్తించారు. ఆడ ఎలుకకు రెండు ఎక్స్‌లుంటాయి కాబట్టి తట్టుకుంటుంది. మగదానికి ఉన్నది ఒక్కటే. ఆ ఎలుకల వంశాన్ని దశాబ్దాల పాటు పెంచుతూ వచ్చారు. వాటిని చంపుతున్నది బయటి రోగం కాదని, వాటి రోగనిరోధక కణాలే సొంత అవయవాలపై విరుచుకుపడుతున్నాయని తర్వాత తేలింది.

సియాటిల్ శివారు బోథెల్‌లోని కంపెనీలో బ్రంకో, రామ్స్‌డెల్ ఈ ఎలుకను పట్టుకున్నారు. శరీరం తన మీద తానే తిరగబడే జబ్బులకు మందు కనిపెట్టాలన్నది కంపెనీ ఆశ. ఎలుకలో చెడిపోయిన ఆ ఒక్క జన్యువేదో తెలిస్తే దారి దొరుకుతుందని వాళ్ల అంచనా. 1990లలో ఆ మాట అనడం తేలిక, చేయడం కష్టం. ఎలుక జన్యుపటం ఇంకా తయారు కాలేదు. ఎలుక ఎక్స్ క్రోమోజోమ్‌లో దాదాపు 17 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలున్నాయి. ఇప్పుడు యంత్రంలో పెడితే కొద్ది రోజుల్లో వచ్చే జవాబు కోసం వాళ్లు ఏళ్ల తరబడి ఎలుకల సంకరాలు చేయిస్తూ, హద్దులు దగ్గరకు జరుపుకుంటూ వెళ్లారు. చివరికి ఆ క్రోమోజోమ్ మధ్యలో 5 లక్షల అక్షరాల ముక్క మిగిలింది. అందులో 20 జన్యువులు. ఒక్కొక్కటీ తీసి ఆరోగ్యంగా ఉన్న ఎలుకతో పోల్చి చూశారు. ఒకటి, రెండు, పది, పంతొమ్మిది. అన్నీ బాగానే ఉన్నాయి. ఇరవయ్యోదానిలో, అంటే చిట్టచివరిదానిలో, రెండంటే రెండు అక్షరాలు అదనంగా దూరి కనిపించాయి. వాక్యం మధ్యలో రెండు అక్షరాలు ఎక్కువ పడితే ఆ తర్వాతి మాటలన్నీ జరిగి అర్థం చెడుతుంది కదా, ఇక్కడా అంతే. తయారవాల్సిన ప్రోటీన్ సగంలో ఆగిపోయింది. చెడని జన్యువును స్కర్ఫీ ఎలుకలోకి ఎక్కిస్తే అది బతికింది. దానికి వాళ్లు ఫాక్స్‌పీ3 అని పేరు పెట్టారు.

అదే జన్యువు మనుషుల్లోనూ ఉంది. ఐపెక్స్ అనే అరుదైన జబ్బు మగపిల్లల్లో పుట్టిన కొద్ది వారాలకే బయటపడుతుంది. ఆగని విరేచనాలు, ఒంటి నిండా ఎగ్జిమా, పాలు తాగే వయసులోనే షుగర్. దానికి మూలం ఫాక్స్‌పీ3 లోపమేనని 2001లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వెల్లడించారు. మన దగ్గర పిల్లలకు ఏ జన్యు జబ్బు వచ్చినా ‘మేనరికం కదా’ అనేస్తారు. ఈ జబ్బుకు మేనరికంతో పని లేదు. తల్లి ఆరోగ్యంగా ఉండి కూడా తన రెండు ఎక్స్‌లలో లోపమున్నదాన్ని కొడుక్కి ఇవ్వవచ్చు. ఇందులో ఆమె తప్పేమీ లేదు. అయినా ఇళ్లలో మాటలు పడేది మాత్రం ఆమే.

ఆ జన్యువు చేసే పనేమిటన్న ప్రశ్న అప్పటికి మిగిలే ఉంది. సకగుచి 1995లోనే టి కణాల్లో (ఇవి రోగనిరోధక కణాల్లో ఒక రకం) ఒక కొత్త తరగతిని గుర్తించారు. అవి మిగతా టి కణాలను అదుపులో పెట్టే కాపలా కణాలు. అప్పట్లో ఆయన మాట నమ్మినవాళ్లు తక్కువ. అంతకు ముందు ‘అణచివేత కణాలు’ అంటూ సాగిన పరిశోధన చివరికి తేలిపోవడంతో ఆ పేరెత్తితేనే శాస్త్రవేత్తలు మొహం చిట్లించే రోజులవి. 2003లో రెండు దారులూ కలిశాయి. ఆ కాపలా కణాలను కాపలా కణాలుగా తయారు చేసేది ఫాక్స్‌పీ3యేనని తేలింది. ఈ బ్రేకు మీద ఆధారపడి కీళ్లవాతం, టైప్ 1 షుగర్ వంటి జబ్బులకూ, అవయవ మార్పిడికీ, క్యాన్సర్‌కూ కొత్త చికిత్సలు ఇప్పుడు రోగులపై పరీక్షల దశలో ఉన్నాయి. అవి ఎంతవరకు పనిచేస్తాయో ఇప్పుడే ఎవరూ హామీ ఇవ్వలేరు. నోబెల్ వచ్చింది కదా అని రేపే మందు వస్తుందని రాయడం రోగులను మోసం చేయడమే అవుతుంది.

బ్రంకో పనిలో పెద్దగా ఎవరూ ప్రస్తావించని ముక్క ఇంకొకటి ఉంది. అదే కంపెనీలో, అదే 2001లో ఆమె మొదటి రచయితగా మరో పత్రం వెలువడింది. దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికానర్ కుటుంబాల్లో ఎముకలు అతిగా పెరిగిపోయే జబ్బుకు కారణమైన జన్యువును అందులో చూపించారు. ఆ జన్యువు తయారు చేసేది ఎముక పెరుగుదలను ఆపే ప్రోటీన్‌ను. దాన్ని అడ్డుకుంటే గుల్లబారిన ఎముక గట్టిపడుతుందన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. అలా అడ్డుకునే రోమోసోజుమాబ్ అనే ఇంజెక్షన్‌కు 2019లో అమెరికాలో అనుమతి లభించింది. చూడండి విచిత్రం: ఒకే ఏడాది బయటపెట్టిన రెండు జన్యువుల్లో ఒకటి మందుగా మారి మార్కెట్‌కు వెళ్లింది. రెండోదైన ఫాక్స్‌పీ3 కణం కేంద్రకంలో ఉండి పనిచేసేది కనుక మందుకు సులభంగా చిక్కలేదు. వ్యాపారంగా చూస్తే అది నష్టమే. నోబెల్ వచ్చింది మాత్రం దానికే.

తెలుగువాళ్లకు కంపెనీ శాస్త్రవేత్త అనే మాట కొత్తది కాకూడదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి పనిచేసినా అక్కడ శాశ్వత స్థానం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ కంపెనీలో చేరారు. 1948లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నారు. ఆయన బృందం చేసిన యాంటీ ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే) మందుల్లోదే మెథోట్రెక్సేట్. క్యాన్సర్ కోసం వచ్చిన ఆ మందును ఇప్పుడు తక్కువ మోతాదులో కీళ్లవాతానికి వారానికొకసారి వేసుకుంటున్నారు. మన ఊళ్లలో చేతివేళ్లు వంకర్లు పోకుండా ఆపుతున్నది చాలామందికి ఆ మాత్రే. హద్దు మీరిన రోగనిరోధక శక్తిని సుబ్బారావు మందు బయటి నుంచి తగ్గిస్తుంది. దాన్ని లోపలి నుంచి ఆపే ఏర్పాటు ఏమిటో బ్రంకో బృందం చూపించింది. ఇద్దరి పనీ కంపెనీ గోడల మధ్యే జరిగింది. సుబ్బారావుకు నోబెల్ రాలేదని మనం ఏటా బాధపడతాం. అలాంటి దారిలో నడిచేవాళ్లకు ఈరోజు మనం ఏం ఇస్తున్నామన్నది మాత్రం అడగం.

హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ వంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థలున్నాయి, పక్కనే బయోటెక్ కంపెనీల జీనోమ్ వ్యాలీ ఉంది. విశాఖ దగ్గర పరవాడలో ఫార్మా సిటీ ఉంది. బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీలు, పీహెచ్‌డీలు చేసిన పిల్లలు వేల మంది ఆ కంపెనీల్లోనూ, సంస్థల్లో ప్రాజెక్టు పోస్టుల్లోనూ ఉన్నారు. ప్రాజెక్టు ముగిసే తేదీ దగ్గర పడుతుంటే వాళ్ల టెన్షన్ ఎలా ఉంటుందో వాళ్ల ఇళ్లలో వాళ్లను అడగాలి. కంపెనీలో ఐదారేళ్లు చేశాక యూనివర్సిటీకి రావాలనుకుంటే ఆ ఏళ్లు లెక్కకు వస్తాయో లేదో అన్న బెంగ. 2022లో యూజీసీ తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పథకం దీనికి మందు అనుకుంటే పొరపాటు. దానికి తమ రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం ఉండాలి, అదీ పై స్థాయిలో అయితే మేలు. ఆ కొలువు మొత్తం నాలుగేళ్లకు మించకూడదు. పీహెచ్‌డీ అయిన పదేళ్లకే ఫాక్స్‌పీ3ని పట్టుకున్న బ్రంకో ఈ నిబంధన కింద దరఖాస్తు కూడా పెట్టలేకపోయేవారు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ బయోటెక్ పార్కులకు భూములిస్తున్నాయి, రాయితీలిస్తున్నాయి. ఇవ్వవద్దని మేము అనడం లేదు. విశ్వవిద్యాలయాల నియామకాల్లో కంపెనీ పరిశోధన ఏళ్లను బోధనతో సమానంగా లెక్కించేలా చూడాలని అడుగుతున్నాం. సొంత ల్యాబ్ అక్కర్లేని, పదిమందితో కలిసి ఒకే ప్రశ్నపై ఏళ్ల తరబడి పనిచేయగల శాస్త్రవేత్తలకు శాశ్వత పోస్టులు సృష్టించాలని కోరుతున్నాం. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, శిలాఫలకం అంతకన్నా అక్కర్లేదు. బహుశా అందుకే ఎవరికీ ఆసక్తి లేదేమో.

ఇంకొక్క సంగతి. ఇరవై జన్యువుల్లో పంతొమ్మిది చూసి ఏమీ దొరకని రోజున బోథెల్ ల్యాబ్ వాళ్లు మన దగ్గర ఉండి ఉంటే, ప్రగతి నివేదికలో ‘సాధించిన ఫలితాలు’ అన్న గడిలో ఏం రాసేవాళ్లు? మన ప్రాజెక్టుల్లో మరుసటి విడత గ్రాంటు ఆ నివేదికను చూసే విడుదలవుతుంది.